గోడకు ఆనించిన కుర్చీ

ఆ ఇంటి హాల్లో ఒకే ఒక్క వాలు కుర్చీ ఉండేది. టీవీకి ఎదురుగా వేసుకోవలసిన ఆ కుర్చీని పక్కకు తిప్పి, వీపు భాగం గోడకు ఆనించి, వీధి తలుపు కనబడేలా వేసుకున్నారు. అందులో కూర్చునే పెద్దాయన టీవీ చూడాలంటే మెడ పూర్తిగా తిప్పాలి. ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, ఎడమ కాలికి ఎంతకీ మానని పుండు. మా నర్సు వారానికి రెండుసార్లు వెళ్లి కట్టు మార్చేది. నేల మీద మోకాళ్లపై కూర్చుని, వంచిన తల ఎత్తకుండా శ్రద్ధగా ఆ పని చేసేది. కుర్చీ అలా ఎందుకుందన్న ప్రశ్న ఆమెకు తట్టలేదు. మూడో నెలలో మా సైకాలజిస్టు ఆమె వెంట వెళ్లారు. కాసేపు వాన గురించి, బేస్‌బాల్ గురించి మాట్లాడి, ‘తలుపు కనబడాలనే కుర్చీ ఇలా వేసుకున్నారా?’ అని అడిగారు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘1968 నుంచి ఎక్కడ కూర్చున్నా ఇలాగే కూర్చుంటున్నాను’ అన్నారు.

ఆయన వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చిన మాజీ సైనికుడు. ఈ సంగతి ఆయన భార్యకు తెలుసు. పిల్లలకూ తెలుసు. ఇన్నేళ్లలో ఆయన్ని చూసిన ఒక్క వైద్యుడికీ తెలియదు. వాళ్లందరూ ఆయన్ని తమ గదుల్లో, తమ కుర్చీల్లో కూర్చోబెట్టి చూశారు మరి.

ఆ నర్సూ, సైకాలజిస్టూ ఉన్న వైద్య బృందంలో నేను సోషల్ వర్కర్‌ని. పుట్టి పెరిగింది పశ్చిమ గోదావరి జిల్లాలో. పెళ్లయ్యాక అమెరికా వచ్చి, ఇక్కడ మళ్లీ చదువుకుని ఈ పనిలో చేరాను. పదకొండేళ్లుగా ఇల్లు కదలలేని మాజీ సైనికుల ఇళ్లకు వెళ్తున్నాను. (ఈ వ్యాసంలో వచ్చే మనుషుల ఆనవాళ్లు తెలియకుండా వివరాలు మార్చాను.) ఇన్నేళ్ల పనిలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. మంచం పట్టిన మనిషి మనసుకు చేసే వైద్యం వేరే విభాగంలో, వేరే తలుపు వెనక, వేరే అపాయింట్‌మెంటుతో దొరికేదిగా ఉంటే అది ఆ మనిషికి ఎప్పటికీ అందదు. పుండు కడిగే చేతులతో, మందుల డబ్బా సర్దే చేతులతో కలిసే అది ఆ ఇంట్లోకి రావాలి.

ఆ పెద్దాయన విషయమే చూడండి. మా దగ్గరికి రాకముందు ఒక క్లినిక్ వాళ్లు ఆయన దిగులుగా ఉన్నారని గుర్తించి మానసిక వైద్యుడికి చీటీ రాసిచ్చారు. ఆ వైద్యుడు ఉండేది ఇంటికి 70 మైళ్ల దూరంలో. వెళ్లాలంటే చక్రాల కుర్చీ ఎక్కే బండి కావాలి. దారికి సరిపడా ఆక్సిజన్ సిలిండర్లు కావాలి. సెలవు పెట్టి వెంట వచ్చే కొడుకు కావాలి. మూడుసార్లు వెళ్లలేకపోయారు. నాలుగోసారి ఒక ఉత్తరం వచ్చింది. ‘రోగికి చికిత్స పట్ల ఆసక్తి లేనందున ఫైలు మూసివేస్తున్నాం.’ ఆ ఉత్తరాన్ని ఆయన భార్య నాకు చూపించినప్పుడు నా ముఖం వేడెక్కింది. మెట్లు దిగలేని మనిషికి ఆసక్తి లేదని రాశారు!

అమెరికాలో మాజీ సైనికుల వైద్యం చూసే వెటరన్స్ అఫైర్స్ శాఖను అందరూ వీఏ అంటారు. ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే బృందాలను ఆ శాఖ 1970ల మొదట్లో కొద్ది చోట్ల ప్రయోగంగా మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ కార్యక్రమం పేరు హోమ్ బేస్డ్ ప్రైమరీ కేర్. ఇది ఆసుపత్రి నుంచి ఇంటికి పంపాక కొన్ని వారాలు వచ్చి కట్టు మార్చి వెళ్లే సేవ కాదు. ఆ రకం సేవను ఇక్కడ ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా ఇస్తుంది. దానికి 60 రోజులకొకసారి డాక్టరు మళ్లీ ధ్రువీకరించాలి, నర్సో థెరపిస్టో మాత్రమే చేయగల పని ఏదో ఒకటి మిగిలి ఉందని చూపాలి. మా కార్యక్రమం అలా కాదు. నయం కాని జబ్బులు అరడజను పైగా ఉన్న మనిషిని చివరిదాకా పట్టుకుని ఉండడం దీని ఉద్దేశం. డాక్టరు, మందులు రాసే అధికారం ఉన్న నర్స్ ప్రాక్టీషనర్, నర్సులు, ఫార్మసిస్టు, డైటీషియన్, రోజువారీ పనులు చేసుకోవడానికి వీలుగా ఇంటిని సర్దే ఆక్యుపేషనల్ థెరపిస్టు, సోషల్ వర్కర్ అందరూ ఒకే బృందం. 2007 నుంచి ప్రతి బృందంలోనూ ఒక మానసిక ఆరోగ్య నిపుణుడు ఉండేలా వీఏ నిధులిచ్చింది. అంటే మొదటి మూడు దశాబ్దాలకు పైగా మనసు సంగతి చూసే మనిషి బృందంలో ఉండడం తప్పనిసరి కాదు. ఈ ఒక్క మార్పు విలువ ఎంతో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మానసిక నిపుణుడు అనగానే సోఫా, తలుపు మూసిన గది, గంటసేపు సంభాషణ గుర్తొస్తాయి. మా పనిలో అసలు చికిత్స జరిగేది మంగళవారం ఉదయం, ఒక పొడవాటి బల్ల చుట్టూ. అక్కడ రోగి ఉండడు. మేమే ఉంటాం. ఒక మంగళవారం గురించి చెప్తాను.

కొరియా యుద్ధంలో పనిచేసిన 90 దాటిన ఒక పెద్దాయన బరువు తగ్గిపోతున్నారు. నాలుగు నెలల్లో ఎనిమిది కిలోలు. క్యాన్సరేమోనని పరీక్షలు చేయిస్తే ఏమీ లేదు. డైటీషియన్ పోషకాలు కలిపిన పాల డబ్బాలు పంపించింది. ఆ డబ్బాలు మూత తీయకుండా అల్మరాలో వరసగా పేర్చి ఉన్నాయని నర్సు చెప్పింది. ‘తినాలన్న కోరిక లేదు, ముభావంగా ఉంటున్నారు, కుంగుబాటు మందు మొదలుపెడదామా?’ అని నర్స్ ప్రాక్టీషనర్ అడిగింది. మరో చోట అయితే కథ అక్కడితో ముగిసేది. ఒక మాత్ర రాసేవారు. ఫార్మసిస్టు కంప్యూటర్లో చూసి, బయటి డాక్టరెవరో నిద్రకోసం లొరాజెపామ్ రాశారని చెప్పాడు. ఆ జాతి మందులు ముసలివాళ్లలో తూలడం, మతి తడబాటు, పడిపోవడం తెస్తాయని వృద్ధుల వైద్యంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అప్పుడు సైకాలజిస్టు నోరు విప్పారు. అంతకుముందు వారం ఆ పెద్దాయనతో గంటన్నర కూర్చున్నారట. మాటల్లో తేలింది ఇదీ: ఐదు నెలల క్రితం అర్ధరాత్రి మరుగుదొడ్డికి వెళ్తూ పడిపోయారు. తెల్లవారేదాకా చల్లటి గచ్చు మీద ఒంటరిగా పడి ఉన్నారు. ఎముకలేమీ విరగలేదు గనుక ఎవరికీ చెప్పలేదు. చెబితే కూతురు తనను వృద్ధాశ్రమంలో చేరుస్తుందని భయం. అప్పటినుంచి మరుగుదొడ్డికి వెళ్లే అవసరం తగ్గించుకోవడానికి తిండీ నీళ్లూ తగ్గించుకుంటున్నారు.

ఆ మాట విన్నాక బల్ల చుట్టూ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డైటీషియన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత పని మొదలైంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు గోడలకు పట్టుకునే కడ్డీలు పెట్టించింది, కమోడ్ ఎత్తు పెంచింది, రాత్రికి మంచం పక్కనే వాడుకునే కుర్చీ కమోడ్ తెప్పించింది. ఒంట్లో నీరు తీసే మాత్రను నర్స్ ప్రాక్టీషనర్ సాయంత్రం నుంచి పొద్దుటికి మార్చింది. లొరాజెపామ్‌ను ఫార్మసిస్టు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాడు. ఒక్కసారి ఆపితే ప్రమాదం. సైకాలజిస్టు వెళ్లిన ప్రతిసారీ ఆయన చేయి పట్టుకుని మంచం నుంచి మరుగుదొడ్డి దాకా నడిపించారు. మొదటి రోజు ఐదడుగులు. నేను కూతురితో మాట్లాడాను. తండ్రి భయం ఏమిటో విని ఆమె ఫోనులోనే ఏడ్చింది. ఆశ్రమం ఆలోచన ఆమెకు ఎప్పుడూ లేదు. మూడు నెలలకు పాల డబ్బాల అవసరమే లేకుండా ఆయన మామూలుగా తినడం మొదలుపెట్టారు. కుంగుబాటుకు మాత్ర ఏదీ రాయలేదు.

ఆయన ఫైల్లో దీన్ని మానసిక చికిత్సగానే రాశాం. అది నిజం కూడా. కానీ ఆ చికిత్స చేసింది ఆరుగురు. ఆ ఆరుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా అది జరిగేది కాదు. భయం సంగతి తెలిసిన సైకాలజిస్టుకు గోడకు కడ్డీలు బిగించడం రాదు. కడ్డీలు బిగించే మనిషికి భయం సంగతి తెలియదు.

బృందం ఎందుకు కావాలో చెప్పడానికి ఇంకో చిన్న సంగతి. కుంగుబాటును కొలవడానికి అందరూ వాడే ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత, కదలికలు మందగించడం. సగం ప్రశ్నలు శరీరం గురించే. గుండె బలహీనపడి రాత్రుళ్లు ఆయాసంతో లేచి కూర్చునే మనిషి ఆ ప్రశ్నలకు నిజాయితీగా జవాబిస్తే కుంగుబాటు లేకపోయినా ఉన్నట్టు తేలుతుంది. ఇందుకు విరుద్ధంగా కూడా జరుగుతుంది. అన్నీ ముసలితనం ఖాతాలో వేసేసి నిజమైన కుంగుబాటును వదిలేస్తారు. నిద్ర పట్టనిది ఊపిరి అందకనా, దిగులు వల్లనా అన్నది కాగితం చెప్పదు. ఆయన ఊపిరిని వారంవారం వినే నర్సూ, ఆయన మాటను వారంవారం వినే సైకాలజిస్టూ ఒకచోట కూర్చుంటే తెలుస్తుంది.

ఇక తుపాకుల సంగతి. దీని గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయకపోతే తప్పు అనిపించింది. వీఏ లెక్కల ప్రకారం 2021లో 6,392 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో పదింట ఏడుగురు వాడింది తుపాకీ. యువకుల గురించే అందరూ మాట్లాడతారు గాని, వీళ్లలో వయసు మళ్లినవాళ్లు చాలామంది. క్లినిక్‌లో కూర్చోబెట్టి ‘ఇంట్లో తుపాకీ ఉందా?’ అని అడిగితే, ‘నీకెందుకు?’ అనే చూపుతో ‘లేదు’ అంటారు. ఇంటికి వెళ్లే మాకు అడగక్కర్లేదు. మంచం పక్క సొరుగులో కళ్లద్దాల కోసం వెతికితే కనబడుతుంది. ఒకసారి అలాగే మా నర్సుకు కనబడింది. భార్య పోయి ఆరు వారాలైన ఇల్లు అది. నర్సు ఏమీ అనకుండా బయటికి వచ్చి, కారులో కూర్చుని సైకాలజిస్టుకు ఫోను చేసింది. మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్లారు. తుపాకీ తీసేసుకుంటామని అనలేదు. అలా అంటే తలుపు మళ్లీ తెరుచుకోదు. ‘కొన్ని నెలలు తాళం వేసి ఉంచుదాం, తాళంచెవి మీ తమ్ముడి దగ్గర పెడదామా?’ అని అడిగారు. తాళాన్ని వీఏ ఉచితంగానే ఇస్తుంది. ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది సైకాలజిస్టు మాట విని కాదు. ఏడాదిగా తన కాళ్లు కడిగిన నర్సు అడిగింది కాబట్టి ఒప్పుకున్నారు. ఏం అడగాలో, ఎలా అడగాలో ఆ నర్సుకు నేర్పింది మాత్రం సైకాలజిస్టే.

ఇదే మాట భార్యలకూ వర్తిస్తుంది. మతిమరుపు ముదిరిన భర్త రాత్రి రెండింటికి లేచి, శత్రువులొచ్చారని తలుపుకు బల్లలు అడ్డం పెడుతుంటే, పక్కన 80 ఏళ్ల భార్య నిద్రలేకుండా కాపలా కాస్తుంది. ఆ ఇంట్లో రోగి ఒకరా, ఇద్దరా? వీఏలో ఇలాంటివాళ్లను చూసుకునే కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చే పద్ధతులు వచ్చాయి. 2022 అక్టోబరు నుంచి, ఏ కాలంలో సైన్యంలో పనిచేసిన వాళ్లదైనా సరే, అర్హులైన సంరక్షకులకు నెలవారీ భత్యం పథకం వర్తిస్తోంది. భత్యం మంచిదే. అయితే ఆ రాత్రి రెండింటికి ఏం మాట్లాడాలో, లైటు ఎక్కడ వేసి ఉంచాలో, ‘ఇక్కడ శత్రువులెవరూ లేరు’ అని వాదించడం కంటే ‘నేను కాపలా ఉన్నాను, మీరు పడుకోండి’ అనడం ఎందుకు పనిచేస్తుందో ఆమెకు ఎవరో వచ్చి, ఆ గదిలోనే నిలబడి చూపించాలి.

నాతో విభేదించే వాళ్ల మాటలూ చెప్పాలి. ఎక్కువగా వినబడేది వీడియో గురించి. ట్యాబ్లెట్ పంపిస్తాం, సైకాలజిస్టు ఆఫీసులోనే కూర్చుని పది మందితో మాట్లాడవచ్చు, కారులో గంటలు వృథా కావు అంటారు. కోవిడ్ రోజుల్లో మేమూ అలాగే చేశాం. వందల మైళ్ల దూరంలో, మంచు కప్పిన దారుల చివర ఉన్నవాళ్లకు అది వరమే. ఒకసారి పరిచయమైన మనిషితో మధ్యమధ్య మాట్లాడడానికి దాన్ని ఇప్పటికీ వాడుతున్నాం. కానీ మొదటి పరిచయానికి నేను దాన్ని ఒప్పుకోను. ఆ చిన్న తెరలో గోడకు ఆనించిన కుర్చీ కనబడదు. అల్మరాలో మూత తీయని డబ్బాలు కనబడవు. చెవి సరిగా వినబడని 88 ఏళ్ల మనిషి తెర మీది ముఖానికి తల ఊపుతాడు, అంతే. ఆ తల ఊపడాన్ని ‘బాగున్నారు’ అని రాసుకుంటారు.

రెండోది ఖర్చు. ఈ కార్యక్రమంలో కొత్తగా చేరిన 9,425 మంది మీద చేసిన ఒక విశ్లేషణ 2014లో వెలువడింది. చేరాక వీఏ, మెడికేర్ ఖర్చు రెండూ కలిపి చూస్తే, అనుకున్నదాని కంటే 11.7 శాతం తగ్గింది. ఆసుపత్రిలో చేరడాలు తగ్గడమే అందుకు ముఖ్య కారణం. అయినా ఖర్చు తగ్గింది కాబట్టి ఇది మంచిదని వాదించడం నాకు ఇష్టం లేదు. రేపు ఇంకో లెక్కలో ఖర్చు పెరిగినట్టు తేలితే అప్పుడేమంటాం? నన్ను ఎక్కువ బాధించేది ఇంకో లెక్క. రోజుకు ఎంతమందిని చూశారన్నదే కొలత అయినప్పుడు, ఒక్క మనిషి కోసం రెండు గంటలు కారు నడిపిన సైకాలజిస్టు పనిచేయనట్టు కనబడతారు. మంగళవారం సమావేశం ఏ లెక్కలోనూ రాదు. ఎక్కడైనా బృందాలకు కోత పడితే మొదట పోయేది ఆ గంటన్నరే. అది పోయాక మిగిలేది ఒకే ఇంటికి వేర్వేరు రోజుల్లో వెళ్లే ఆరుగురు అపరిచితులు.

మూడో మాట వాదన కూడా కాదు, నిట్టూర్పు. ‘ఆ వయసులో, ఆ జబ్బులతో దిగులు ఉండదా?’ అంటారు. మంచి మనసున్నవాళ్లే అంటారు. నాకు అప్పుడు మా తాతయ్య గుర్తొస్తారు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మిలిటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. ఆ ఊరి నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్లారు. ఇంటింటికీ ఒక సైనికుడు. అమ్మ వాళ్లది దానికి కొద్ది దూరంలోని ఊరే. తాతయ్య బర్మా వైపు వెళ్లి వచ్చినవారు. నాకు తెలిసేనాటికి పక్షవాతంతో మంచాన పడ్డారు. నాలుగేళ్లు అలాగే ఉన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు నెలకోసారి వచ్చి బీపీ చూసేవాడు. రాత్రుళ్లు తాతయ్య నాకు అర్థంకాని భాషలో గట్టిగా అరిచేవారు. అది హిందూస్తానీ అని, సైన్యంలో ఆదేశాలిచ్చే భాష అని పెద్దయ్యాక తెలిసింది. నేను భయపడితే అమ్మమ్మ, ‘ఏం లేదమ్మా, తాతయ్యకు అది అలవాటే, పడుకో’ అనేది. మేమెంత ప్రేమగా చూసుకున్నామో నాకు తెలుసు. ఒంటికి నూనె రాశాం, పుళ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్క తిప్పాం. కానీ ఆ నాలుగేళ్లలో ‘రాత్రి ఏం కలొచ్చింది, తాతయ్యా?’ అని ఒక్కరమూ అడగలేదు. అడగవచ్చని మాకు తెలియదు. ఇంట్లో వాళ్ల ప్రేమ ఉంటే చాలు, ఇవన్నీ పాశ్చాత్యుల గొడవలు అనే బంధువులకు నేను ఇదే చెబుతాను. ప్రేమ ఉంది. అడగడం నేర్పేవాళ్లు లేరు.

మన దేశంలో మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ 2003లో మొదలైంది. పాలీక్లినిక్‌కు వెళ్లాలి, అక్కడ చీటీ రాయించుకోవాలి, పథకంలో ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. నడవగలిగిన వాళ్లకు గొప్ప ఆసరా. మంచం దిగలేని వాళ్ల ఇంటికి మాత్రం పాలీక్లినిక్ నడిచి రాదు. 2022లో వచ్చిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఎవరైనా ఫోను చేయవచ్చు. కానీ మా తాతయ్య ఫోను చేసేవారా? ఆశ కలిగించేది మరొకటుంది. తెలంగాణ జిల్లాల్లో ఉపశమన సేవల ‘ఆలన’ వాహనాలు మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 104 వాహనంతో ఊరికి వచ్చే డాక్టరు మంచానికే పరిమితమైన వాళ్ల ఇళ్లకు వెళ్లాలన్న ఆలోచన 2023లో అమల్లోకి వచ్చింది. అంటే తలుపు ఇప్పటికే తెరుచుకుంది. ఆ బండిలో ఇంకొక్క సీటు కావాలి. ప్రతి ఇంటికీ సైకాలజిస్టు రానక్కర్లేదు. వారానికొకసారి ఆ నర్సులతో కూర్చుని, వాళ్లు చూసినవి విని, ఏం అడగాలో చెప్పే ఒక మనిషి జిల్లాకు ఒకరున్నా చాలు. దాంతో మొదలుపెట్టవచ్చు.

వియత్నాం నుంచి అమెరికా సైనిక దళాలు వెనక్కి రావడం పూర్తయింది 1973లో. యుద్ధం మిగిల్చే గాయానికి పీటీఎస్‌డీ అని వైద్యులు పేరు పెట్టుకున్నది 1980లో. ఈలోగా ఆ కుర్రాళ్లు ఉద్యోగాల్లో పడ్డారు, పిల్లల్ని పెంచారు, అప్పులు తీర్చారు. పని ఉన్నంతకాలం పనే వాళ్లను నిలబెట్టింది. ఉద్యోగ విరమణ అయ్యాక, భార్య జబ్బుపడ్డాక, కాళ్లు కదలనప్పుడు, నలభై యాభై ఏళ్ల కింద మూటకట్టి పెట్టినవన్నీ ఒక్కొక్కటే విప్పుకున్నాయి. నేను ఇళ్లలో రోజూ చూస్తున్నది ఇదే. వీటన్నిటినీ పూర్తిగా నయం చేస్తామని మేమెప్పుడూ చెప్పం.

కుర్చీ పెద్దాయనకు కూడా అంతా నయం కాలేదు. ఊపిరితిత్తులు ఇంకా పాడయ్యాయి. పుండు మాత్రం మానింది. 1968 గురించి ఆయన సైకాలజిస్టుకు కొంత చెప్పారు, కొంత చెప్పలేదు. చెప్పమని ఎవరూ ఒత్తిడి చేయలేదు. కుర్చీని టీవీ వైపు తిప్పమని కూడా మేం అడగలేదు. ఒక మంగళవారం ఆక్యుపేషనల్ థెరపిస్టు, ‘కుర్చీని ఎందుకు తిప్పాలి? టీవీనే తలుపు పక్కకు మారిస్తే సరిపోతుంది కదా’ అంది. ఆ శుక్రవారం ఆయన కొడుకూ నేనూ కలిసి టీవీని మోసుకెళ్లి తలుపు పక్క బల్ల మీద పెట్టాం. వైరు చాలక ఇంకోటి కొనుక్కొచ్చాం. ఆ సాయంత్రం ఆయన మెడ తిప్పకుండా బేస్‌బాల్ చూశారు. తలుపూ కనబడుతోంది, స్కోరూ కనబడుతోంది. ఆట మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదని ఆయన భార్య మర్నాడు ఫోను చేసి చెప్పింది.